తేరు వీధిలో కారు షెడ్డు

తిరుపతికి వచ్చేవాళ్ళందరూ తల పైకెత్తుకొని వస్తారు. రైలు రేణిగుంట దాటిందో లేదో, కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు కొండకేసి చేతులు జోడిస్తారు. కొండ కింద ఒక ఊరుందనీ, ఆ ఊళ్ళో మనుషులు కాపురాలు చేస్తున్నారనీ, వాళ్ళకూ కుళాయిలూ, కాలువలూ, ఇంటిపన్నులూ ఉన్నాయనీ యాత్రికులకు గుర్తుండదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. దేవుణ్ణి చూడవచ్చినవాడు మునిసిపాలిటీని ఎందుకు చూస్తాడు? కొండ ఎత్తు గురించి రాసినవాళ్ళు కోకొల్లలుగా ఉన్నారు. నేను కింది ఊళ్ళో వీధి వెడల్పు గురించి నాలుగు మాటలు రాస్తాను. అది కూడా తక్కువ సంగతేమీ కాదని చివరికి పాఠకులే ఒప్పుకుంటారు.

స్టేషనులో దిగి కాస్త నడిస్తే గోవిందరాజస్వామి గుడి వస్తుంది. పన్నెండో శతాబ్దిలో రామానుజాచార్యులవారు స్వామిని ఇక్కడ ప్రతిష్ఠించారనీ, గుడిచుట్టూ వీధులు తీర్చి ఊరు నిలబెట్టారనీ సంప్రదాయం. అంటే ఈ ఊరు పుట్టింది గుడి చుట్టూ. ఊరి వీధులకు మొదటి కొలబద్ద స్వామి తేరు. వైశాఖమాసంలో బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు జరుగుతాయి. ఎనిమిదోనాడు రథోత్సవం. ఆ రోజు తేరు కదలాలి, మలుపు తిరగాలి, మోకులు పట్టి లాగే జనానికి నిలబడే చోటుండాలి. అందుచేత తేరు తిరిగే వీధిలో చూరు ముందుకు రాకూడదు, తిన్నె ముందుకు సాగకూడదు. ఏ గెజెట్టులోనూ అచ్చువేయకముందే ఉన్న కట్టుబాటు ఇది. దీనికి జరిమానా లేదు. దేవుడి తేరుకు అడ్డం వచ్చాడన్న మాట పడడం కన్నా పెద్ద జరిమానా ఏముంటుంది?

ఇంగ్లీషు దొరలు ఈ తేరును ‘కారు’ అన్నారు. వాళ్ళ భాషలో ఆ మాటకు మోటారు పుట్టకముందు రథమనే అర్థం కూడా ఉండేది. దక్షిణదేశంలో గుడి ఉన్న ప్రతి ఊళ్ళోనూ తేరు వీధులన్నీ వాళ్ళ కాగితాల్లో ‘కార్ స్ట్రీట్లు’ అయి కూర్చున్నాయి. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక మిత్రుడు ఆ బోర్డు చూసి, ‘మీ ఊళ్ళో కార్లకు ప్రత్యేకంగా ఒక వీధి ఉందే!’ అని మెచ్చుకున్నాడు. ఒక వీధేమిటి నాయనా, ఇప్పుడు అన్ని వీధులూ వాటివే అన్నాను. తేరుకూ కారుకూ పేరు కలిసింది గాని బుద్ధి కలవలేదు. ఊరంతటికీ ఒక్కటే అయిన ఆ మహావాహనం ఏడాదిలో ఒకనాడు వీధిలోకి వచ్చి, పని కాగానే తన నెలవుకు తాను చేరి నిలుస్తుంది. ఇంటికొకటిగా ఉన్న మన వాహనం పగలు ఊరు తిరిగి, రాత్రి వీధిలోనే పడుకుంటుంది.

మునిసిపాలిటీ అనేది ఈ ఊరికి 1886లో వచ్చింది. అప్పటికి మద్రాసు ప్రభుత్వంవారు జిల్లా మునిసిపాలిటీల చట్టం చేసి రెండేళ్ళయింది. ఆనాటి యాత్రికుడు అలిపిరి దగ్గర మెట్టెక్కి కాలినడకనో, డోలీలోనో కొండకు పోయేవాడు. బండి కట్టుకొని వచ్చినవాడు ఎద్దులను సత్రం దగ్గర విప్పేవాడు. ఊళ్ళో సంపన్నులకు బండి కొట్టం పెరట్లో ఉండేది. కొట్టం పెరట్లో, తిన్నె వీధిలో. ఈ ఏర్పాటులో గొప్ప లౌక్యం ఉంది. పశువూ, బండీ, పేడా, గడ్డీ ఇంటి వెనక. మనిషీ, మాటా, మంచినీళ్ళూ ఇంటి ముందు.

1944 ఏప్రిల్‌లో కొండకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ చేతులమీదుగా ఆ పని జరిగింది. అక్కణ్ణించి తిరుపతి కథలో మోటారుకు పెద్ద వేషం దొరికింది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. ఊరు పడమరకు సాగింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఆ కాలపు ఇళ్ళు ఇంకా అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. ముందు చిన్న ఆవరణ, ఒక పారిజాతం చెట్టు, మనిషీ సైకిలూ పట్టేంత గేటు, తరువాత వరండా. కట్టించిన ఉద్యోగస్థుడికి సైకిలుంది. స్కూటరు వస్తుందని ఆశ ఉంది. కారు వస్తుందన్న భయం లేదు.

చిత్తూరు కథ వేరు. 1911 దాకా అది ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం, ఆ తరువాత తన పేరిట ఏర్పడ్డ జిల్లాకు ముఖ్య పట్టణం. కచేరీల ఊరు కాబట్టి అక్కడ కొలబద్ద తేరు కాదు, అధికారి బండి. పాత బంగళాల ముందు స్తంభాల మీద నిలిచిన పోర్టికో ఒకటి ఉంటుంది. దొరగారు వానలో తడవకుండా గుర్రపుబండి దిగడానికి ఏర్పాటు. ఆ పోర్టికోయే క్రమంగా వకీళ్ళ ఇళ్ళకూ, డాక్టర్ల ఇళ్ళకూ దిగివచ్చి, కాలం గడిచేసరికి మధ్యతరగతి ఇంటి ప్లానులో కూడా చేరింది. చిత్తూరుకు 1917లో మునిసిపాలిటీ వచ్చింది, 2012లో కార్పొరేషను అయింది. తిరుపతి అంతకు ముందే, 2007లో కార్పొరేషను అయింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా కూడా అయింది. అన్నదమ్ములు వేరుపడ్డారు గాని, ఇద్దరి ఇంటి ముందరి తగాదా ఒకటే. కారు ఎక్కడ పెట్టాలి?

ఇది నవ్వులాట సంగతి కాదు. కొంచెం లెక్క చెబుతాను. భారత ప్రమాణాల సంస్థవారి జాతీయ భవన నిర్మాణ నియమావళి అని ఒక పెద్ద పుస్తకం ఉంది. 1970లో మొదట వెలువడి, సవరణలు పొందుతూ వచ్చింది. ఇంటి కారు షెడ్డు కనీసం మూడు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు ఉండాలనీ, ఎత్తు 2.4 మీటర్లకు తగ్గకూడదనీ అందులో ఉంది. షెడ్డు వీధి మీదికి రాకుండా, ఇంటి కట్టడపు గీతకు వెనకే ఉండాలని కూడా ఉంది. మూడార్లు పద్దెనిమిది చదరపు మీటర్లు. అదే పుస్తకంలో మనిషి ఉండే గదికి కనీస వైశాల్యం 9.5 చదరపు మీటర్లు. భోజనానికి వేరే చోటున్న ఇంట్లో వంటిల్లు 5 చదరపు మీటర్లుంటే చాలు. అంటే ఇంటి ఇల్లాలు పొద్దస్తమానం నిలబడే చోటుకు అయిదు, ఇరవైమూడు గంటలు కదలకుండా నిలబడే కారుకు పద్దెనిమిది. పుస్తకం రాసినవారిని తప్పుపట్టడం లేదు. కారు కొలతలు కారువి. ఇల్లాలు పక్కకు ఒదిగి నడవగలదు, కారు నడవలేదు.

ఈ పద్దెనిమిది మీటర్లను మా ఊరి భాషలోకి తెస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తిరుపతిలో ఇంటి జాగా అంకణాల్లో కొలుస్తారు. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు. కారు షెడ్డు సుమారు అయిదున్నర అంకణాలు. యాభై అంకణాల జాగా ఉన్నవాడికి అది తొమ్మిదో వంతు. ఇచ్చుకోగలడు. ఇరవై అయిదు అంకణాలవాడికి అయిదో వంతుకు పైగా పోతుంది. ముందు వదలవలసిన ఖాళీ పోగా, మెట్లు పోగా, షెడ్డు పోగా మిగిలినదాంట్లో అతడు పెళ్ళాం పిల్లల్నీ, ముసలి తల్లినీ సర్దుకోవాలి. అతడేం చేస్తాడు? కారును వీధిలో పెడతాడు. లేదా తిన్నె కొట్టించి, కాలువ మీద సిమెంటు ర్యాంపు వేయించి, కారు మూతి ఇంట్లోనూ తోక వీధిలోనూ ఉండేటట్టు నిలబెడతాడు. ‘కారుండాది సార్, పెట్టేదానికి జాగా లేదు’ అని ఒకాయన నాతో అన్నాడు. ఆ మాటలో మా కాలనీల చరిత్రంతా ఉంది.

ఈ విషయంలో ప్రపంచం రెండు విధాలుగా ఉంది. అమెరికాలోని చిన్న చిన్న పట్టణాల కౌన్సిళ్ళలో కారు షెడ్డు ఎంతకు మించకూడదు అని వాదించుకుంటారు. అక్కడ జాగాకు కరువు లేదు. ఒక్కొక్కరు రెండు కార్లకూ, మూడు కార్లకూ, పడవకూ కలిపి షెడ్డు కడతారు. వీధిలోంచి చూస్తే ఇల్లు కనబడదు, షెడ్డు తలుపులే కనబడతాయి. ‘షెడ్డు ఇంటికి తోకలా ఉండాలి గాని, ఇల్లు షెడ్డుకు తోక కాకూడదు’ అన్నది ఆ వాదంలో సారాంశం. జపానువాళ్ళ పద్ధతి వేరు. ఇరుకు దేశం కనక వాళ్ళు 1962లోనే చట్టం చేశారు. కారు కొనేవాడు, దాన్ని నిలబెట్టుకునే చోటు వీధికి వెలుపల తనకుందని ముందుగా రుజువు చూపాలి. కారుకు పడక చూపించాకే కారు! పిల్లనిచ్చేముందు అల్లుడికి ఇల్లూ వాకిలీ ఉన్నాయా అని మన పెద్దలు విచారించినట్టే ఉంది ఇది.

మన ప్రభుత్వమూ ఊరకే కూర్చోలేదు. 2017లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనల ప్రకారం అపార్టుమెంటులు కట్టేవారు కట్టడపు వైశాల్యంలో కొంత వంతు వాహనాలకు వదలాలి. ఆ కారణంగానే ఇప్పటి మేడలు కింద కాళ్ళమీద నిలబడి, పైన కాపురాలు పెట్టుకున్నాయి. అనుమతికి విరుద్ధంగా కట్టినవాటిని అపరాధ రుసుము తీసుకొని క్రమబద్ధం చేసే పథకాలు 2007లోనూ, 2015లోనూ, 2019లోనూ వచ్చాయి. ఆ పథకాల్లో కూడా, ఆమోదించిన ప్లానులో వాహనాలకని చూపిన జాగాకు క్షమాభిక్ష లేదు. గోడ పక్కకు జరిగితే డబ్బు కట్టి బయటపడవచ్చు. కార్ల చోటు మింగితే డబ్బు చెల్లదు. ఈ ఒక్క ముక్కలో చట్టం మనసు తెలుస్తున్నది. గోడ జరిగితే నష్టం పొరుగువాడికి. కార్ల చోటు పోతే ఆ కార్లన్నీ వీధిలో పడతాయి కనక, నష్టం ఊరికి. అయినా ప్లానులో కారు బొమ్మ గీసిన చోట, కట్టాక మెస్సు నడుస్తూనో, దుకాణం షట్టరు లేస్తూనో కనబడుతుంది. కాగితం మీది కారుకు పెట్రోలు అక్కర్లేదు, చోటూ అక్కర్లేదు.

ఇక కాలువ మాట. కొర్లగుంట, కొర్రమేనుగుంట, తాతయ్యగుంట — తిరుపతి పేటల పేర్లు చదివితేనే ఇక్కడ ఒకప్పుడు నీళ్ళు ఎక్కడెక్కడ నిలిచేవో తెలుస్తుంది. శేషాచలం మీద పడ్డ వాన కపిలతీర్థంలో దూకి, ఊరి గుండా పల్లానికి జారి, స్వర్ణముఖిని కలవాలి. ఆ దారిలో మనం ఇళ్ళు కట్టాం. మిగిలిన సన్నని కాలువల మీద ఇంటింటికీ ఒక ర్యాంపు వేశాం. ర్యాంపు కింద చెత్త చేరితే తీసే దారి లేదు. 2021 నవంబరు మూడో వారంలో కుండపోతగా వానలు పడ్డాయి. కపిలతీర్థం దగ్గర మండపం దెబ్బతిన్నది. పల్లపు కాలనీలు నీళ్ళలో నిలిచాయి. వీధుల్లో నిలబెట్టిన కార్లు, తమకోసం మూసిన కాలువల నీటిలోనే మునిగాయి. అంత వానకు ర్యాంపులొక్కటే కారణమంటే అన్యాయం. కాని నీళ్ళు తీసిపోయే దారిలో ప్రతి ఇల్లూ ఒక గుప్పెడు సిమెంటు వేసిందన్నది కళ్ళకు కనబడే సత్యం.

ఇవన్నీ ఎవరు కూర్చుని మాట్లాడాలి? రాజ్యాంగానికి 74వ సవరణ 1993 జూన్‌లో అమలులోకి వచ్చింది. పట్టణ పాలకమండళ్ళకు అప్పగించదగిన పనులు పద్దెనిమిది అని అందులో పట్టిక ఉంది. మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూమి వినియోగమూ భవన నిర్మాణమూ. నీళ్ళూ, చెత్తా, శ్మశానాలూ అన్నీ ఆ తరువాతే. కాని తిరుపతి 2007లో కార్పొరేషను అయ్యాక, మొదటి ఎన్నిక జరిగింది 2021 మార్చిలో. మధ్యలో పద్నాలుగేళ్ళు ఎన్నికైన మండలి లేదు, అధికారులే నడిపారు. అధికారులు పని చేయలేదని నేననను. కాని ఊరు శరవేగంతో మేడలెక్కింది ఆ ఏళ్ళలోనే. మా వీధి ఎంత వెడల్పుండాలి, మా కాలువ మీద ర్యాంపు ఎంత ఉండవచ్చు అని మేము ఓటు వేసిన మనిషి లేచి నిలబడి అడిగే సభే ఆ కాలంలో లేదు. యాభై డివిజన్ల మండలి వచ్చేసరికి, మాట్లాడవలసిన జాగాలో సగం సిమెంటు అయిపోయింది.

ఇప్పుడు మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. వీధి ఇరవై అడుగులు. రెండు వైపులా కార్లు నిలిపితే మధ్యన మోటారు సైకిలు పోతుంది. కొన్నేళ్ళ క్రితం ఒక అర్ధరాత్రి, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. 108 బండి పావుగంటలో వచ్చింది. వీధి మొదట్లో ఆగిపోయింది. అడ్డంగా ఉన్న కారు యజమాని తాళంచెవి పట్టుకొని పరుగెత్తి వచ్చాడు గాని, ఆయన కారు వెనక మరొకరి కారు ఉంది, వాళ్ళు ఊళ్ళో లేరు. చివరికి పెద్దాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొని పోయాం. కుర్చీ పట్టుకొని రెండు కార్ల మధ్య పక్కకు ఒదిగి నడుస్తుంటే, ఆయన చెయ్యి ఒక కారు అద్దానికి తగిలింది. ఆ కారు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎవరూ దొంగలం కాము, కాని అందరం దొంగల్లాగే నిలబడిపోయాం. దైవకృపవల్ల ఆయన బతికాడు.

తరువాతి ఆదివారం, వీధిలో మిగిలిన ఒకే ఒక్క పాత తిన్నె మీద అందరం కూడాం. మాటా మాటా పెరిగింది.

‘కారు కొనడం తప్పా సార్?’ అన్నాడు ఒక యువకుడు.

‘కారు కొనేది తప్పని ఎవురన్నారబ్బా? దాన్ని మా గడప ముందర పండబెట్టేదే తప్పంటా ఉండాం’ అన్నాడు ఎదురింటాయన.

‘వీధి మీ సొంతమా?’

‘మీ సొంతమూ కాదు గదా!’

పెద్దాయన భార్య అంతవరకూ మాట్లాడలేదు. తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆమె అన్నది: ‘షెడ్లు కట్టుకుంటారో, కట్టుకోరో మీ ఇష్టం నాయనా. రాత్రిపూట ఒక మంచం పట్టేంత దావ మాత్రం ఉంచండి.’

ఇక వాదం సాగలేదు. కార్లన్నీ ఒక్క వైపే నిలపాలనీ, నెలకొకసారి వైపు మార్చాలనీ, వీధి మొదట్లో ఎవరూ పెట్టకూడదనీ ఒప్పుకున్నాం. యాభై అంకణాలున్న ఇద్దరు తమ ఆవరణ గోడ వెనక్కు జరిపి, గేటు వెడల్పు చేసుకొని కార్లు లోపల పెట్టుకున్నారు. వాళ్ళకు కొంత పూలతోట పోయింది. ఇరవై అయిదు అంకణాలవాళ్ళను లోపల పెట్టుకొమ్మని ఎవరూ అడగలేదు. ఒప్పందం ఇప్పటికీ ఉంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో చుట్టాల కార్లు వచ్చినప్పుడు తెగుతుంది, మళ్ళీ ముడిపడుతుంది.

మా ఒప్పందం చట్టం కాదు. అయినా కౌన్సిలు హాలులో జరగవలసిన చర్చకు అది నమూనాగా పనికివస్తుందని నా నమ్మకం. ఉన్నవాడికి ఒక కొలత, లేనివాడికి ఒక కొలత ఉండాలి. యాభై అంకణాలకూ ఇరవై అయిదు అంకణాలకూ ఒకే నియమమంటే, చిన్న ఇంటివాడు నియమం తప్పడమో, వంటిల్లు కోసుకోవడమో చేస్తాడు. చిన్న జాగాల పేటల్లో నాలుగైదు వీధులకు కలిపి అద్దెమీద కార్లు నిలిపే చోటు మునిసిపాలిటీయే చూపాలి. పూర్వం సత్రాలవాళ్ళు ఎద్దుల బళ్ళకు చూపలేదా? కాలువ మీద వేసే ర్యాంపు ఎత్తి శుభ్రం చేసేటట్టుగా, పలకలుగా ఉండాలి. ప్లానులో గీసిన కారు చోటును ఇల్లు పూర్తయ్యాక కూడా ఏడాదికొకసారి చూసిపోవాలి. వీటిలో ఏదీ గొప్ప శాస్త్రం కాదు. అయితే ఏ ఒక్కటీ ఒక్క ఇంటివాడు చేయగలిగింది కాదు. మునిసిపాలిటీ అనేది పుట్టిందే ఇటువంటి పనులకు.

కారు మీద నాకు పగ లేదు. నడవలేని తల్లిని ఆస్పత్రికి తీసుకుపోయే కారును ఎవరు కాదంటారు? మధ్యతరగతివాడు జీవితంలో ఇల్లు తరువాత కష్టపడి సంపాదించుకునే వస్తువు అది. దానికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొండకు తీసుకుపోయి పూజ చేయించి తెచ్చుకుంటాడు. అంత ముచ్చటగా తెచ్చుకున్నదాన్ని ఎక్కడ పడుకోబెట్టాలో కూడా తెచ్చుకునే ముందే ఆలోచిస్తే, ముచ్చట పదిమందిదీ అవుతుంది.

యాత్రికులైన పాఠకులకు ఒక మనవి. ఈసారి కారులో వచ్చినప్పుడు, తిరుపతిలో ఏదో ఒక సందు ఖాళీగా కనబడుతుంది. వెనక మూసిన తలుపు, వెలిగే లైటు, ముగ్గు వేసిన గడప ఉంటాయి. గంటలో వచ్చేస్తాం గదా అనిపిస్తుంది. దర్శనం గంటలో అయ్యేది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. డబ్బులు తీసుకొనే చోటే అయినా సరే, కార్లకని ఉన్న చోటే నిలపండి. ఆ గడప వెనక ఏ ఇంట్లో ఏ పెద్దాయన ఉన్నాడో మీకు తెలియదు. ఆయనకు మంచం పట్టేంత దావ వదిలి కొండెక్కినవాణ్ణి స్వామి కాస్త ముందుగానే చూస్తాడని నా నమ్మకం.